సొట్ట

ఇనుప చావి ఇంకా నా దగ్గరే ఉంది.
మూడడుగుల పొడుగు, ఆరు కిలోల బరువు.
అడ్డగుట్టల నాలుగు గల్లీలకు
మంజీర నీళ్లు ఇడిసేటోన్ని నేను,
దినం తప్పి దినం, తెల్లారగట్ల నాలుగింటికి.

ఇప్పుడు ఎవలకూ నాతోని పని లేదు.
ఇంటింటికో పెట్టె వచ్చింది, గోడకు, మీటరు బోర్డంత.
గాలిల తేమ గుంజి నీళ్లు చేస్తది.
అడిగితే బియ్యం, అడిగితే బట్ట,
చెప్పు తెగితే కాలి కొలతకు కొత్త చెప్పు.
బిల్లు లేదు. లైను లేదు.
కొత్తల మావోళ్లు పసుపు కుంకుమ పెట్టిన్రు,
ఖాజాబీ ఇంట్ల ఊదు ఏసిన్రు.
నెల తిరగకముందే
దాని మీద తువ్వాల ఆరేసుడు మొదలైంది.

బిందెకు బదులు రాయి పెట్టి వంతు కాసిన కాలమే
బంగారమని ఎవడన్న అంటే
నా ముందర అనొద్దు.
పదో తరగతి పరీక్ష నాడు గూడ
ట్యాంకరెనుక ఉరికిన ఆడపిల్లలను చూసిన.

మరి కొట్లాటలు బందైనయా అంటే,
అయినయి. చానా వరకు.
మొన్నటి దాక.

బాలామణి సచ్చిపోయిన పదకొండో దినం
కొడుకు జంగయ్య, బిడ్డె అండాలు
ఒక్క ఇత్తడి బిందె కాడ పట్టుకున్నరు.
పెట్టె నిమిషానికో బిందె పోస్తది,
బంగారందే కావాలన్నా పోస్తది.
కాని నడుము కాడ సొట్టవడ్డది ఆ ఒక్కటే.
"గదే పెట్టెకు చూపియ్యుండ్రి" అన్నడు
ఎవడో తెలివిగల్లోడు.
చూపిచ్చిన్రు.
అచ్చం అదే బిందె, అదే సొట్ట,
చింతపండుతోని తోమిన అవే గీరలు.
పక్కపక్కన పెట్టి చూసుకునే లోపట
ఏది అమ్మదో ఎవలకూ తెలువకుండ పోయింది.
అప్పుడు మొదలైంది అసలు లొల్లి.

నడుమల ఖాజాబీ మనుమడు రిజ్వాన్ వచ్చిండు.
"బిందె మీదే భయ్యా. సొట్ట మాత్రం మాది.
మా దాదీ నొసలు తగిలి పడ్డది.
గాంధీ దవాఖానల ఏడు కుట్లు.
చూసినోళ్లను అడుగుండ్రి."

చూసినోళ్లల్ల నేనొక్కన్నే మిగిలిన.
కుర్చీ ఏసి కూసోవెట్టిన్రు,
రెండు బిందెలు ముందర.
"ఏది అసలుదో చెప్పు కాకా."

బొటనేలు పెట్టి చూసిన.
రెండు సొట్టలల్ల ఒక్క తీరుగనే పట్టింది.

నాకు తెలిసింది వేరే, వాళ్లు అడగనిది.
ఆ దినం ఎగువ గల్లీ సేటు దగ్గర
నూటాబై తీసుకొని
పది నిమిషాల ముందుగాల చావి తిప్పిన.
ఆఖరు బిందె సగం కాడ నల్లా గురగురమన్నది.
ఆ సగం బిందెకే ఇద్దరూ లేచిన్రు.
వాల్వు గుంతల కూసోని విన్న.
ఇత్తడి మోత. ఎనుక కొద్దిసేపు ఏం లేదు.
ముప్పై ఏండ్లు వాళ్లకు మాటల్లేవు.
నల్లా కాడ మొహాలన్న చూసుకునేటోళ్లు,
పెట్టెలొచ్చినంక అదీ పోయింది.

అంతా చెప్పిన.
ఎవలూ తిట్టలే. తిడితే మంచిగుండు.
తిరిగిద్దామంటే నూటాబైకి ఇప్పుడు విలువే లేదు,
సేటు లేడు, నోట్లు లేవు.

అండాలు ఒక బిందె ఎత్తుకుంది, ఏదో ఒకటి.
జంగయ్య రెండోది ముట్టలే.
రిజ్వాన్ దాన్ని ఒళ్లోకి తీసుకొని
సొట్టకు నొసలు ఆనిచ్చి చూసిండు,
చిన్నపిల్లగాని లెక్క.
అది సరిగ పట్టలే.
ఎవలో నవ్విన్రు. వాడూ నవ్విండు.
ఛాయ్ తాగినం, పెట్టెది కాదు,
పొయ్యి మీద పెట్టింది. పాలు పొంగిపోయినయ్.
దీన్ని శాంతి అంటరో, అలసట అంటరో,
చదువుకున్నోళ్లు చెప్పాలె.

నాలుగింటికి నాకు ఇంకా మెలకువస్తది.
చావి భుజానేసుకొని గుంత కాడికి పోత.
ఎండిన వాల్వు. పన్నెండు చుట్లు.
బాలామణి గల్లీకి
పది నిమిషాలు ఎక్కువ ఇడుస్త.